కొంగుమడుగులో గడలు పాతింది మేమే

మా నీటిగడ్డిని పీకించింది మీరే, అమరేందర్ గారూ. మీరూ, హైదరాబాదులో కూర్చున్న మీ జలపరిశోధన మండలీ. పీకినవాళ్లు కూలీలు, వాళ్లమీద నాకు కోపం లేదు. ఎక్కడ పీకాలో చూపించింది మీ పటం. ఆ పటం గీయడానికి మిమ్మల్ని మడుగులోకి తీసుకుపోయినవాణ్ని నేను. అందుకే రాస్తున్నాను. మీకు తెలిసిన సంగతే. తెలియనివాళ్లు కూడా చదవాలి.

హుజూర్‌నగర్ నుంచి దక్షిణంగా వస్తే కృష్ణ ఒకచోట మా ఒడ్డులోకి చొచ్చుకొని వస్తుంది. మూడువైపులా గట్టు, ఒకవైపు ఏరు. కొంగు పరిచినట్టుంటుందని కొంగుమడుగు అంటాం. నడుములోతు నీళ్ల నుంచి నిలువులోతు దాకా అడుగంతా గడ్డి. రోహిణి కార్తెలో ఏరు సన్నబడితే కొరమట్ట చేపలు ఆ గడ్డిలోకే వస్తాయి. ఆడదీ మగదీ కలిసి గడ్డి కొరికి గూడు చేసి, గుడ్లు పెట్టి, పిల్లలు ఈదుకొనేదాకా కాపలా ఉంటాయి. ఆ గడ్డి ఉంటేనే వచ్చే ఏడు మా వలలో చేప. నలభై ఇండ్ల బతుకు.

దాన్ని కాపాడే పద్ధతి మీరు నేర్పలేదు. మా కులపెద్ద కాటమయ్య రోహిణి రాగానే గడ పాతి దానికి వేపమండ కడతాడు. ఆ గడ దాటి వల పోదు, పుట్టి పోదు, మనిషి పోడు. కొత్తనీళ్లు వచ్చాక ఆయనే విప్పుతాడు. ఇంకెవరూ విప్పరాదు. సొంత తమ్ముడు ఒక ఏడు గడ దాటితే, ఆ ఏడంతా అతన్ని వలకు పిలవలేదు కాటమయ్య.

రెండేండ్ల కింద, 1960లో, మీరు సైకిలుకు గాజుసీసాలు కట్టుకొని వచ్చారు. మోకాళ్లదాకా ప్యాంటు మడిచి గడ్డి తెంపుతుంటే ఆడవాళ్లు ఒడ్డున నిలబడి చూశారు.

"ఏంది సారూ, గడ్డి కోస్తున్నవ్? ఇంట్ల బర్రె గిట్ల ఉన్నదా?" అని సోమమ్మ అడిగింది. ఆమె చేపలు కోసి అమ్ముకునే మనిషి.

"బర్రె లేదమ్మా. ఈ గడ్డిని చూడడమే నా ఉద్యోగం" అన్నారు మీరు.

"గడ్డి చూసుడు సుత నౌకరేనా! మా ఆయనకు ఇప్పియ్యరాదు సారూ, పొద్దంత గదే పని ఆయనది."

అందరం నవ్వాం. మీరూ నవ్వారు. ఆ నవ్వుకే పడిపోయాను నేను. తెలంగాణ పోరాటపు సంఘం రోజుల్లో దళంవాళ్ల దగ్గర అక్షరాలు దిద్దుకున్నవాణ్ని. చదువుకున్న మనిషి మా నీళ్లలో దిగి మా మాట వింటున్నాడంటే నాకు పండుగ. మీ మండలీ మా చేపలవాళ్ల సంఘమూ కలిసి ఉమ్మడి కమిటీ అన్నారు. నన్ను కార్యదర్శిని చేశారు. ఏ నెలలో ఏ చేప కడుపుతో ఉంటుందో సోమమ్మ చెప్పింది. రోజూ కోసే చెయ్యి కదా. గడ్డి పొడవు మేము కొలిచాం, లోతు మేము కొలిచాం. పుస్తకంలో మీరు ఎక్కించుకున్నారు.

గూళ్ల జాగా మాత్రం కాటమయ్య చెప్పలేదు. ఏడాదిపాటు చెప్పలేదు. ఆయన ఇంటికి పోయి నేనే బతిమాలాను.

"పెద్దబాపూ, కాగితమ్మీదికి ఎక్కితే సర్కారే కాపలా ఉంటది. ఎవ్వడు ముట్టడు."

"మనం ముడుతున్నమా ఇప్పుడు?"

"మనం కాదే. బయటోళ్లు."

"బయటోళ్లకు తెల్వదు కదరా. తెల్వనిది ఎట్ల ముడుతరు?"

అయినా ఊరుకోలేదు. దొరల కాలం పోయింది, ఇది మన సర్కారు అన్నాను. చివరికి ఆయన లేచి, "నీ మాట మీద చూపిస్త బిడ్డా. ఆ సారు ఎవరో నాకెర్కలేదు" అన్నాడు.

నిరుడు కొత్తనీళ్లొచ్చి మండ విప్పాక చూపించాడు. ఏటా గూడు కట్టే జాగాకొక గడ చొప్పున ముప్పైయొక్క గడలు పాతాం. మీరు పటం గీశారు, అంకెలు నేను వేశాను. వేపమండ ఎందుకు కడతారని మీరు అడిగారు. చెప్పాం. అదీ రాసుకున్నారు. ఈ మడుగును ఎవరూ ముట్టకుండా కట్టుబాటు చేయిస్తామని మా అందరి ముందు మాట ఇచ్చి పోయారు.

ఈ ఏడు రోహిణి వచ్చింది. కాటమయ్య ముప్పైయొక్క గడలకూ వేపమండలు కట్టాడు. రెండోనాడు సూర్యాపేట దిక్కునుంచి లారీ వచ్చింది. ఇరవై మంది కూలీలు, పొడుగు కర్రల ఇనప దంతెలు, పెద్ద పడవ. మేస్త్రీ పేరు మల్లప్ప. "అమరేందర్ సారు మండలి పంపింది" అన్నాడు. మీ పేరు చెప్పగానే మేము పక్కకు జరిగాం. గడ్డి కొలవడానికి వచ్చారనుకున్నాం.

ఇక మా తప్పు రాస్తాను. వాళ్లు గడలు దాటి లోపలికి పోయారు. మేము పోలేదు. వేపమండ కట్టి ఉంది కాబట్టి పోలేదు. నాలుగు రోజులు నలభై ఇండ్లవాళ్లం గట్టుమీద కూర్చొని, లోపల ఏం జరుగుతుందో చూడకుండా మా పద్ధతి మేము పాటించాం. నీళ్లు బురదైతే, దంతెలతో లోతు చూస్తున్నారు కదా అన్నాను నేను.

అయిదోనాడు సోమమ్మ, వాళ్లు పడవ దింపుకునే అవతలి గట్టుకు పోయి గంపతో వచ్చింది. కాటమయ్య ముందు బోర్లించింది. ఎండిన గడ్డి. దానికి అంటుకొని వేలిగోరంత కొరమట్ట పిల్లలు, ఎర్రగా, వందల కొద్దీ, చచ్చి.

"గుట్ట పోసిన్రు పెద్దబాపూ. గడ్డి కాదు, గూళ్లు. మనం కూసున్నం, వాళ్లు పీకిన్రు."

నేను పరుగెత్తి మల్లప్ప చొక్కా పట్టుకున్నాను. అతను పోట్లాడలేదు. జేబులోంచి కాగితాలు తీసి ఇచ్చాడు.

"చదువు వస్తదట కదా నీకు. చదువుకో. మృగశిరనాడు పట్నమంత చేపలు తింటది. గడ్డి ఉంటే లాగుడు వల పారదు. అందుకే పీకుడు. మా గుత్తేదారు ఊకె రాలే, మండలి పర్మిషన్ ఉన్నది."

మృగశిరకు చేప తినాలన్నది మాకూ ఉంది. మేము నడి ఏట్లో పట్టి అమ్ముతాం. కడుపుతో ఉన్నదాన్ని గూట్లోంచి లాగి అమ్మలేదు ఏనాడూ.

కాగితాలు చూశాను. మొదటిది మీ పటం. దానిమీద ముప్పైయొక్క అంకెలు, నా చేతిరాత. రెండోది మీ నివేదిక. అందులో ఒక వాక్యం ఉంది. "వేపమండ కట్టిన హద్దు లోపలికి స్థానికులు ప్రవేశించరు గనుక పనికి ఆటంకం ఉండదు." కింద మీ సంతకం.

మా కట్టుబాటును రాసుకున్నది ఇందుకా?

బస్సెక్కి హైదరాబాదు వచ్చాను. మీరు కుర్చీ చూపించారు. చాయ్ తెప్పించారు. నేను తాగలేదు.

"నేను రాసిందంతా నిజమే కదా భిక్షం. ఏం చెయ్యాలన్నది పైవాళ్ల నిర్ణయం. గడ్డి మళ్లీ మొలుస్తుంది" అన్నారు.

"ఎన్నేండ్లకు సారూ?"

మీరు చాయ్ కప్పు నా వైపు జరిపారు. గడ్డి చూడడమే మీ ఉద్యోగం, ఆ ఒక్క మాట మీకు తెలియదు.

తిరిగి వచ్చి కాటమయ్య ముందు నిలబడ్డాను. తిట్టమన్నాను. ఆయన తిట్టలేదు. "నిన్ను తిడితే గూళ్లొస్తయా?" అన్నాడు. తరువాత నీళ్లలోకి దిగాడు. డెబ్బై ఏండ్ల మనిషి, రోహిణిలో హద్దు దాటడం అదే మొదలు. వేపమండలు తన చేత్తో విప్పి ఏట్లో వదిలాడు. "ఎన్కనుంచి రండి. ఇగ కూసునేది లేదు" అన్నాడు. పడమటి వైపు ఇంకా గడ్డి ఉంది. పదకొండు గూళ్లు బతికి ఉన్నాయి. దాని చుట్టూ మా పుట్టీలన్నీ ఒకదానికొకటి కట్టి, మగవాళ్లూ ఆడవాళ్లూ వంతులవారీగా కూర్చున్నాం. మల్లప్ప కూలీలు ఒడ్డున దంతెలు పెట్టుకొని ఎదురు చూస్తున్నారు. పోలీసులను తెస్తామని గుత్తేదారు కబురు పంపాడు.

మృగశిరకు ఆరు రోజులుంది. మీరు ఆ నివేదిక వెనక్కి తీసుకోవాలి. మోసపు వాక్యం రాశానని మీ సంతకంతోనే రాయాలి. గడ్డి పీకే అనుమతిని మీ మండలి రద్దు చేయాలి. ఆ రద్దు కాగితం టపాలో వద్దు, మనిషి చేత వద్దు. మీరే తేవాలి, వచ్చి పుట్టిలో కాటమయ్య పక్కన కూర్చొని ఆయనకు చదివి వినిపించాలి. నల్గొండ జిల్లాలో, పాలమూరు జిల్లాలో మీ మండలితో కమిటీలు కట్టిన ప్రతి చేపలవాళ్ల సంఘానికీ చెప్తున్నాను: మీ నీళ్ల పటాలు ఇవాళే తిరిగి అడగండి. ఇవ్వకపోతే వాళ్ల ఆఫీసు మెట్లమీద కూర్చోండి. మేము ఇక్కడ కూర్చున్నాం. అమరేందర్ గారూ, పొద్దున ఆరింటికి హుజూర్‌నగర్ బస్సు ఉంది. ఎక్కండి.