కుంచె కొన మీది పన్ను

కోట్ల ఏళ్ళ కిందట నడుంలోతు సముద్రం ఉన్న చోటి మట్టి మా మ్యూజియం వెనకగదికి బకెట్లలో వస్తుంది. దాన్ని నానబెట్టి, జల్లెడ పట్టి, మిగిలిన ఇసుకను నల్ల పళ్ళెంలో పరిచి, మైక్రోస్కోప్ కింద సొరచేపల పళ్ళూ, చదునుగా పళ్ళెంలా ఉండే టేకుచేపల పళ్ళూ ఏరడం నా పని. ఒక్కో పన్నునూ తడి కుంచె కొనకు అంటించి తీయాలి. నేను కొనను నాలికతో తడుపుతాను. నీళ్ళలో ముంచితే పది రేణువులు అంటుకుంటాయి, నాలికతో అయితే ఒక్కటే. పక్కబల్ల మీద మామయ్య మాత్రం గిన్నెలో నీళ్ళు పెట్టుకుంటాడు. నన్నూ పెట్టుకోమని రోజూ ప్రాణం తీస్తాడు. ఆయన చాదస్తం ఆయనది, నాకెందుకు?

మామయ్య దగ్గర అగ్గిపెట్టెలో ఒక టేకుచేప పన్ను ఉంది. అలాంటిది ఇంకెక్కడా దొరకలేదు. కానీ వేరు విరిగిపోయింది. విరిగిన పన్ను చూపించి ఇది కొత్త చేప అంటే ఎవరూ ఒప్పుకోరు. వేరుతో సహా నిండు పన్ను దొరికితే ఆ చేపకు అత్తయ్య పేరు పెడతానని పదిహేడేళ్ళుగా అంటున్నాడు. శుక్రవారంతో ఆయన ఉద్యోగం అయిపోతుంది. ఆలోపు చూడాల్సిన ఆఖరి బకెట్ నా ముందుంది.

బుధవారం మధ్యాహ్నం మైక్రోస్కోప్‌లోకి చూస్తూ చూస్తూ నేను ఎటో వెళ్ళిపోయాను. ఇసుక మీద ఎండ వలలా కదులుతోంది. నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. విసనకర్రంత టేకుచేపలు నా మడమలను రాసుకుంటూ తొందరేమీ లేకుండా పోతున్నాయి. వాటిలో ఒకటి వదిలి వెళ్ళినట్టు, నువ్వుగింజంత తేనెరంగు పన్ను కనిపించింది. అచ్చం అగ్గిపెట్టెలోని దానిలాంటిదే, వేరు చెక్కుచెదరలేదు. కుంచెతో అద్ది పైకి తీశాను. ఆ నీళ్ళలోంచి ఇంకా పూర్తిగా బయటికి రాలేదు కాబోలు, కుంచెను అలవాటుగా నాలిక మీద పెట్టుకుని గుటక వేశాను.

నా నోట్లో నువ్వుగింజ నానదని ఇంట్లో అందరూ అంటారు. ఇదీ నానలేదు. వేలితో నోరంతా వెతుక్కుని, మామయ్య దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పి ఏడ్చేశాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"రుచి ఎలా ఉందే?"

"ఏమీ తెలీలేదు మామయ్యా."

"నాకూ తెలీలేదు."

నేను ముక్కు చీదడం ఆపాను.

"అప్పట్లో దొరికినవి రెండు," అన్నాడు. "నిండుది నేను మింగేశాను. విరిగింది మిగిలింది. నీళ్ళు పెట్టుకోమని ఊరికే మొత్తుకున్నానా?"

"మరి ఇన్నేళ్ళూ ఎవరికీ ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే మీ అత్తయ్య బతకనిస్తుందా? తన పేరు మింగేశానని రోజూ దెప్పుతుంది."

ఏడుపులోనే నవ్వొచ్చింది. ఆయన కుర్చీ నా పక్కకు జరుపుకుని, గిన్నెను ఇద్దరి మధ్యా పెట్టాడు. శుక్రవారం సాయంత్రం దాకా మిగిలిన ఇసుకంతా ఏరాం. సొరచేపల పళ్ళు మాత్రం బోలెడు దొరికాయి.

వెళ్ళేటప్పుడు అగ్గిపెట్టె నా చేతిలో పెట్టాడు. గిన్నె తీసుకెళ్ళడం మరిచాడేమోనని గుమ్మం దాకా పరిగెత్తాను.

"అదీ నీకే," అన్నాడు. "పేరు మారిస్తే మాత్రం ఊరుకోను."

సోమవారం కొత్త మట్టి వచ్చింది. ముందు గిన్నెలో నీళ్ళు నింపుకున్నాను.