ఆషాఢంలో ఇల్లు ఖాళీ చేయించడం ఎలా

ఇల్లు కొనేవాళ్లకు నేను చెప్పే మొదటి మాట: గోడల రంగు చూసి మురిసిపోకండి. అమ్మేముందు ఎవడైనా కొత్తగా రంగు వేయించాడంటే దాని కింద ఏదో దాచాడనే లెక్క. రెండో మాట: వాన పడ్డాక వెళ్లి మిద్దె ఎక్కి చూడండి. ఎండ రోజున ప్రతి ఇల్లూ మంచి ఇల్లే.

ఈ రెండూ నాకు ముందు ఎవరూ చెప్పలేదు. నగర్తపేటలో మాది చీరల హోల్‌సేలు అంగడి. మా ఆయన పోయాక అంగడి తమ్ముడికి అప్పగించి, నా వాటాతో ఊరి చివర హెబ్బగోడిలో మూడంతస్తుల బిల్డింగు కొన్నాను. అంతా ఫ్యాక్టరీ పనివాళ్లు ఉండే ఒంటి గదులు. సావిత్రమ్మకు ఈ వయసులో ఓనర్‌గిరీ ఎందుకని బంధువులంతా మూతులు తిప్పారు. తిప్పుకోనీ, మూతులు వాళ్లవి.

బేరం కుదిర్చింది మా తమ్ముడి కొడుకు సందీప్. "బిల్డింగు పక్కాగా ఉంది అత్తా, కళ్లు మూసుకుని తీసుకో" అన్నాడు. నేను నిజంగానే మూసుకున్నాను. మొదటి వానకే తెరుచుకున్నాయి. మిద్దె మీద నీళ్లు నిలిచిపోయాయి. పై అంతస్తు గదుల్లో సీలింగు పొట్టలా ఉబ్బింది.

ఇంజనీరును పిలిపించాను. అచ్యుత్ అని, మాటలు తక్కువ మనిషి. కర్రతో సీలింగు మీద తట్టాడు. బోలుగా మోగింది. ఒకచోట పెచ్చు ఊడదీస్తే లోపల కమ్మీలు తుప్పు పట్టి చేతికి పొడిపొడిగా రాలాయి.

"పై అంతస్తులో ఈ రాత్రి నుంచి ఎవరూ పడుకోకూడదమ్మా" అన్నాడు. "ఎప్పుడు పడుతుందో నేను చెప్పలేను. పడటం మాత్రం ఖాయం."

పైన మూడు గదులున్నాయి. రెండింటిలో పెళ్లికాని కుర్రాళ్లు. విషయం చెప్పగానే సాయంత్రానికి బ్యాగులు భుజాన వేసుకుని స్నేహితుల గదులకు వెళ్లిపోయారు. మూడో గదిలో ఓంకార్, వాడి భార్య వర్షిణి. మడకశిర నుంచి వచ్చిన పిల్లలు. ఓంకార్ మందుల ఫ్యాక్టరీలో షిఫ్టు పని చేస్తాడు. ఇద్దరూ ఇష్టపడి పెళ్లి చేసుకుని ఇంకా ఏడాది నిండలేదు. వర్షిణికి ఐదో నెల.

"మేము కదలమమ్మా" అన్నాడు ఓంకార్.

"ఏమప్పా, చెవులు వినపడతాండాయా? మిద్దె పడతాదంటాండాను."

"ఆషాఢం వచ్చేసె. ఆషాఢంలో ఇల్లు మారగూడదు. పైగా కడుపుతో ఉండే మనిషిని ఈ నెలలో ఇల్లు మార్పించగూడదని మాయమ్మ ఒట్టు పెట్టించుకునింది. శ్రావణం రాగానే పోతాం."

"శ్రావణం దాకా ఆగమని మిద్దెతో ఒట్టు పెట్టించుకున్నావా?"

వాడు నవ్వలేదు. తల వంచుకుని చెప్పాడు. వర్షిణి వాళ్లింట్లో ఈ పెళ్లి ఒప్పుకోలేదట. పిల్ల మొహం చూసేదే లేదన్నారట. ఓంకార్ తల్లి సొన్నమ్మ కూడా మొన్నమొన్ననే మాట్లాడటం మొదలుపెట్టిందట. "రేపు బిడ్డకేమన్నా అయితే, ఆషాఢంలో ఇల్లు మార్చినందుకే అయ్యిందంటారమ్మా. దీన్నే అంటారు, నన్ను కాదు" అని భార్య వైపు చూశాడు. వర్షిణి గోడకు ఆనుకుని కూర్చుంది. సరిగ్గా ఆ పొట్ట ఉబ్బిన సీలింగు కిందే.

నాకు కోపం ముంచుకొచ్చింది. వాళ్ల మీద కాదు. రంగు పూసి అమ్మినవాడి మీద, దాన్ని చూసి కొన్న నా మీద. ఆ పిల్లకు ఏమైనా అయితే ఆ పాపం ఏ పంచాంగానిదీ కాదు, ఓనరుదే.

కిందికి దిగితే సందీప్ బైకు మీద సిద్ధంగా ఉన్నాడు. "సింపుల్ అత్తా. కరెంటు పీకేయ్, నీళ్లు ఆపేయ్. రెండ్రోజుల్లో వాళ్లే పోతారు. అందరు ఓనర్లూ చేసేది అదే."

"కడుపుతో ఉన్న పిల్లకు నీళ్లు ఆపమంటావా? నీకు బుద్ధి గడ్డి తింటాండాదా?"

"ప్రాక్టికల్‌గా చెప్తున్నా అత్తా."

"నీ ప్రాక్టికల్ తోనే ఈ బిల్డింగు కొన్నాను. ఇంక చాలు."

ఇది మూడో మాటగా రాసుకోండి. అద్దెవాళ్లను కదిలించడానికి నీళ్లు, కరెంటు ముట్టుకోకండి. చట్టం ఒప్పుకోదు సరే, రేపు మీ మొహం అద్దంలో ఎలా చూసుకుంటారు? పైగా పంతం పట్టినవాడు చీకట్లోనే కూర్చుంటాడు తప్ప లేవడు.

మర్నాడు మళ్లీ వెళ్లాను. పక్క వీధిలో గది చూపించాను. సామాను నేనే మోయిస్తానన్నాను. అరిచాను, బతిమాలాను, భయపెట్టాను. "ఇల్లు మారగూడదమ్మా" అన్న ఒక్క మాట దగ్గరే వాడు పీట వేసుకుని కూర్చున్నాడు. ఆ రోజంతా ముసురు. ఇంటికి వచ్చానే గానీ ముద్ద దిగలేదు. చినుకు గట్టిగా పడినప్పుడల్లా నా గుండె హెబ్బగోడిలో కొట్టుకుంది.

దారి మా వీధిలోనే దొరికింది. ఎదురింటి ముందు ఆటో ఆగింది. వాళ్ల అమ్మాయికి మొన్న మాఘమాసంలో పెళ్లయింది. సూట్‌కేసు పట్టుకుని చెంగున దిగింది. తల్లి గడప దగ్గరే దిష్టి తీసి లోపలికి తీసుకెళ్లింది. మొదటి ఆషాఢం కదా, పుట్టింటికి వచ్చింది.

ఓసి నా మొద్దు బుర్రా అనుకున్నాను. ఆషాఢంలో ఇల్లు మారకూడదు, ఒప్పుకున్నాం. పుట్టింటికి వెళ్లకూడదని ఎవరన్నారు? వెళ్లమనే కదా అంటారు!

చీర, పసుపు కుంకుమ, పూలు, అరటిపండ్లు పళ్లెంలో పెట్టుకుని మెట్రో ఎక్కాను. జనమంతా నన్నే చూశారు. చూడనీ. మెట్లెక్కి ఆ గది గుమ్మం ముందు నిలబడి, "వర్షిణీ, బొట్టు పెట్టించుకోమ్మా. ఆషాఢమాసం, ఆడపిల్లను పుట్టింటికి పిలుచుకుపోను వచ్చినాను" అన్నాను.

ఆ పిల్లకు అర్థం కాలేదు. "మాయమ్మ వాళ్లు రానీరు కదా ఆంటీ..."

"మీయమ్మ రానీకపోతే నేను రానిస్తాను. నగర్తపేటలో నాకు ఇల్లుండాది, వంటిల్లుండాది, కూతురే లేదు. నీ సామాను ఈడనే ఉండనీ. పొయ్యి ఈడనే, దేవుడి పటం ఈడనే. ఇల్లు ఎవరు మారతాండారు? నువ్వు పుట్టింటికి వస్తాండావు, అంతే."

వర్షిణి ఏడ్చింది. నేను పెట్టిన కుంకుమ కంటి నీళ్లతో ముక్కు మీదికి కారింది. ఓంకార్ ఫోను తీసి తల్లికి కలిపాడు, స్పీకరు పెట్టాడు. విషయమంతా సొన్నమ్మకు నేనే చెప్పాను.

"పుట్టింటికి పోతే తప్పేముందిలే" అంది ఆమె. "పిలిచేవాళ్లు లేకనే కదా ఆడ పడుండాది పిల్ల. పోనీ. కానీ ఒరే ఓంకారా, నువ్వు మాత్రం పోగూడదు. ఆషాఢంలో అల్లుడు అత్త గడప తొక్కితే అత్తకు ఆగదు, కీడు జరుగుతాది."

చచ్చాను రా దేవుడా అనుకున్నాను. నేను పన్నిన వల నా కాళ్లకే చుట్టుకుంది. ఓంకార్ మొహం తేలికపడింది. "అట్లయితే దాన్ని పిలుచుకుపోండమ్మా, నేను ఈడనే పడుకుంటా" అన్నాడు. ఆ మిద్దె కింద ఒక ప్రాణం తగ్గిందని సంబరపడి ఇంకో ప్రాణాన్ని వదిలేసి వెళ్లనా?

సందీప్‌కు ఫోను చేశాను. "ఒరే, బొమ్మనహళ్లిలో నీ ఫ్లాటులో ఒక గది ఖాళీగా ఉంది కదా. నా అల్లుడు ఆషాఢం అయ్యేదాకా అక్కడే ఉంటాడు. పొద్దున టిఫిను కూడా పెట్టు."

"నీకు అల్లుడెవరు అత్తా?"

"నువ్వు ఎవరికి కరెంటు పీకమన్నావో, అతనే."

వాడు గొణిగాడు. నేను ఫోను పెట్టేశాను. బేరం కుదిర్చినవాడు కష్టంలో కూడా వాటా పంచుకోవాలి. ఇది నాలుగో మాట.

ఆ సాయంత్రమే ఇద్దరినీ కిందికి దించి పై అంతస్తుకు తాళం వేశాను. మా ఇంట్లో వర్షిణి మొదట్లో చుట్టంలా మంచం చివర కూర్చునేది. తరువాత నా వంటకు వంకలు పెట్టడం మొదలుపెట్టింది. చారులో ఉప్పు లేదంది. కూతురు ఉంటే ఇలాగే ఉంటుంది కాబోలు.

వాన తెరిపిచ్చిన రోజున మేస్త్రీని పెట్టి మిద్దె పగలగొట్టించడం మొదలుపెట్టాను. ఓంకార్ షిఫ్టు దిగి చూడటానికి వచ్చాడు. మేస్త్రీ మమ్మల్ని మెట్ల దగ్గరే ఆపేశాడు. అతను మొదలుపెట్టింది ఆ చివరనున్న కుర్రాళ్ల గదిలో. ఓంకార్ గది జోలికి ఇంకా వెళ్లనే లేదు. అక్కడ గునపం దెబ్బ పడింది, ఆ అదురుకు ఇక్కడ ఓంకార్ గది మిద్దె మొత్తం కూలింది. దుమ్ము సర్దుకున్నాక తొంగి చూశాం. మంచం కనిపించలేదు. వర్షిణి ఆనుకుని కూర్చునే గోడ సగం వరకు కాంక్రీటు ముక్కలే.

ఓంకార్ గబగబా మెట్లు దిగి వెళ్లిపోయాడు.

మేస్త్రీకి పని చెప్పి నేను నగర్తపేట చేరేసరికి మళ్లీ జోరుగా వాన. మా ఇంటి ముందు వీధిలో ఓంకార్ నిలువునా తడుస్తూ నిలబడి ఉన్నాడు. లోపల గడప పట్టుకుని వర్షిణి. ఇద్దరూ ఏడుస్తున్నారు.

నేను గబగబా గడప దాటి లోపలికి వెళ్లి, "లోపలికి రాప్పా, జ్వరం తెచ్చుకుంటావా?" అని కేకేశాను.

"వద్దమ్మా. ఆషాఢం."

"అయ్యో పిచ్చోడా, మిమ్మల్ని ఆడనుంచి లేపేదానికి చెప్పిన మాట కదప్పా అది! నేనేమన్నా నిజంగా..."

"మీకేమో గానీ మాకు నిజమే" అన్నాడు. మొహం మీద వాన తుడుచుకున్నాడు. "నేను మీ గడప తొక్కను అత్తా. మీకేమన్నా అయితే?"

గొడుగు తీసుకుని నేనే గడప దాటి వీధిలోకి వెళ్లాను.