రథసప్తమి ఎండ

మా అత్త కౌసల్య మా ఇంటి గడప దాటగానే చేసిన మొదటి పని కిటికీ తెర లాగడం.

"ఏంది శైలజా, పట్టపగలు గీ చీకట్ల ఎట్ల బతుకుతున్నరే?" అంటూ నల్లటి తెరను ఒక్క గుంజు గుంజింది. జనగామ ఎండ గది మధ్య దాకా వచ్చి పడింది. చాప మీద బొమ్మలు వేసుకుంటున్న నా కూతురు కల్యాణి రంగులన్నీ అక్కడే పడేసి లోపలి గదిలోకి పరిగెత్తింది. దాని ఒంటికి ఎండ తగలకూడదు. ఆ సంగతి మా అత్తకు తెలుసు. తెలిసీ తెర లాగే మనిషి ఆమె. ఆమె మీద నా కోపం ఇన్నేళ్లయినా చల్లారలేదు. నేను చల్లారనివ్వలేదు.

నేను లేచేలోపే ఆమె వెంట వచ్చిన నా ఆడబిడ్డ అలేఖ్య తెరను మళ్లీ దగ్గరికి లాగింది. అంచున సందు మిగిలితే వీపు అడ్డం పెట్టి నిలబడింది.

"అమ్మా, నీకు జరన్న సోయి ఉన్నదా?" అంది.

"ఏమైతదే ఒక్క నిమిషానికి?" అని మా అత్త కుర్చీ లాక్కుని కూర్చుంది. చేతిలో కుంకుమ భరిణె ఉంది. బొట్టు పెట్టి పెళ్లికి పిలవడానికి వచ్చింది. పెళ్లి అలేఖ్యదే. పెళ్లికూతురు పిలుపులకు తిరగదు గానీ, మేనకోడలిని చూస్తానని పట్టుబట్టి వచ్చిందట. లోపలి గదిలోకి వెళ్లి దాని పక్కన కూర్చుంది.

మా చుట్టరికం సంగతి చెప్పాలి. కౌసల్య మా నాయిన చెల్లెలు, నాకు సొంత మేనత్త. ఆమె కొడుకు ఉమేష్‌కే నన్ను ఇచ్చారు. ఇప్పుడు ఆమె కూతురు అలేఖ్యను భూపాలపల్లిలో ఉన్న మా చిన్నాయిన కొడుకు ప్రదీప్‌కు ఇస్తున్నారు. మా వాళ్లకు ఇది కొత్త కాదు. మూడు ఊళ్లలో బట్టల దుకాణాలు, మూడింటి మధ్యనే పిల్లలు. "మనది మన ఇంట్లనే ఉండాలె" అనేది మా అత్త నోట రోజూ వినబడే మాట. నా కూతురికి కల్యాణి అని పేరు పెట్టింది కూడా ఆమె తల్లి పేరు నిలబెట్టడానికే. తల్లి పేరు నోటితో పిలవకూడదని ఆమె దాన్ని, అమ్మను పిలిచినట్టే, "అవ్వా" అంటుంది. అంత భక్తి.

ఆ భక్తితోనే నా బిడ్డను ఎండలో కూర్చోబెట్టింది.

అప్పుడు మేము మహబూబాబాద్‌లో అత్తగారింట్లో ఉండేవాళ్లం. కల్యాణికి ఇంకా బడి వయసు రాలేదు. ముఖం నిండా, చేతుల నిండా నువ్వులు చల్లినట్టు మచ్చలు. కాసేపు వాకిట్లో ఆడితే చాలు, చర్మం ఎర్రగా కమిలిపోయేది. ఎన్ని పూతలు పూసినా తగ్గలేదు. ఎవరో మా అత్తతో సూర్యుడి దోషమన్నారు. రథసప్తమి నాడు నేను బీఎడ్ పరీక్ష రాయడానికి హనుమకొండ పోయాను. మా అత్త పిల్లను మేడ మీదికి తీసుకుపోయి, నెత్తి మీద, భుజాల మీద జిల్లేడు ఆకులు పెట్టి స్నానం చేయించింది. తర్వాత ఒంటి మీద నూలుపోగు లేకుండా పీట మీద సూర్యుడికి ఎదురుగా కూర్చోబెట్టింది. ఎండ ఎంత తగిలితే అంత దోషం పోతుందని లెక్క. పిల్ల ఏడుస్తుంటే, "దేవుడు రోగాన్ని గుంజుకుంటున్నడు, ఓర్చుకో అవ్వా" అంటూ స్తోత్రం చదువుతూ కూర్చుంది. ఇంటర్ చదివే అలేఖ్య మధ్యాహ్నం కాలేజీ నుంచి వచ్చి, చూసి, తల్లిని తోసేసి, పిల్లను చున్నీలో చుట్టి కిందికి తెచ్చింది. నేను వచ్చేసరికి నా బిడ్డ ఒళ్లంతా బొబ్బలు. నన్ను చూసి ఏడవడానికి కూడా దానికి పెదవులు విచ్చుకోలేదు.

హైదరాబాద్‌లో డాక్టరమ్మ రోగమేదో తేల్చి చెప్పింది. మాది బట్టల వ్యాపారమని తెలిసి మాకు అర్థమయ్యే మాటల్లోనే చెప్పింది. ఒంట్లోని ప్రతి కణంలో సన్నటి పోగు ఉంటుందట, రెండు పేటలుగా మెలిపడి. మన ఒళ్లు ఎట్లా ఉండాలో ఆ రాత అంతా దాని మీదే. ఎండ తగిలినప్పుడు ఆ రాతలో పక్కపక్క అక్షరాలు అతుక్కుపోతాయి. అందరికీ రోజూ జరిగేదే. కణంలోనే రఫ్ఫు చేసేవాళ్లుంటారు. పట్టుచీరకు చిరుగు పడితే దారానికి దారం కలిపి అల్లినట్టు, చెడిన ముక్క కత్తిరించి, ఎదుటి పేటను చూసుకుంటూ కొత్త ముక్క అల్లుతారు. కల్యాణి ఒంట్లో ఆ రఫ్ఫు పని నడవదు. పడిన చిరుగు పడినట్టే ఉంటుంది.

"అంత బాగా రఫ్ఫు చేసుకునే ఒంట్లో ఈ తప్పు అసలెట్లా మిగిలింది మేడమ్?" అని అడిగాను.

"ఒళ్లు అన్నీ దిద్దుకోదమ్మా. ఒక్కోసారి దిద్దే వ్యవధి లేక తప్పుకుట్టు వేసుకుని ముందుకు పోతుంది, చావడం కన్నా అది నయమని. అట్లాంటి తప్పులు కొన్ని మిగలబట్టే భూమి మీద ఇన్ని రకాల జీవులు వచ్చాయి. అన్నీ దిద్దితే ఏదీ మారేది కాదు. ఏదీ దిద్దకపోతే క్యాన్సర్. రెంటి మధ్య సరిచూసుకుంటూ బతుకుతుంది కణం" అంది.

మా ఇద్దరి రక్తం కూడా పరీక్ష చేయించింది. ఉమేష్‌కు, నాకు ఒకే చోట, ఒకే అక్షరం మారి ఉంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తాయి కదా, ఒకటి చెడినా రెండోది మంచిది కావడంతో మాకేమీ కాలేదు. కల్యాణికి రెండూ చెడినవే వచ్చాయి. అక్షరం కూడా మారకుండా ఇద్దరిలోనూ అదే తప్పు ఉందంటే అది మా ఇద్దరికీ ఉమ్మడి అయిన తాతల నుంచే వచ్చి ఉంటుందని డాక్టరమ్మ అంది. అంటే మా నాయిన ద్వారా నాకు, కౌసల్యత్త ద్వారా ఉమేష్‌కు. బయటి సంబంధాలు చేసుకుని ఉంటే ఆ తప్పుకుట్టు ఎవరికీ హాని చేయకుండా తరాల తరబడి పోయేది. ఏదీ మారొద్దు, ఏదీ బయటికి పోవద్దు అని పంతం పట్టిన మా ఇంట్లో దానికి జోడీ దొరికింది. కంటికి కనిపించని కణానికి ఉన్న బుద్ధి మా పెద్దవాళ్లకు లేకపోయింది.

ఉమేష్ ఇంటికి వచ్చి తల్లికి ఏం చెప్పాడో తెలుసా? "శైలజ వాళ్ల అమ్మ దిక్కునుంచి వచ్చిందట" అన్నాడు. తల్లి ఏడుస్తుందని భయపడ్డాడు, అంతే. మా అమ్మ అప్పటికే చనిపోయింది, జవాబు చెప్పుకోలేదు. మా అత్త నలుగురిలో మా అమ్మ వంశాన్నంతా తిట్టింది, నా మాట వినలేదు. నేను అదే వారం బిడ్డను ఎత్తుకుని జనగామలో మా నాయిన కట్టిన ఇంటికి వచ్చేశాను. తెరలు కట్టాను. బడిలో లెక్కలు చెప్తూ దాన్ని సాకాను. అయినా పోయినేడు దాని ఎడమ కంట్లో గడ్డ లేచింది. క్యాన్సర్. కన్ను తీసేశారు.

ఇప్పుడు ఆ మనిషి నా ముందు కూర్చుని నా నొసట కుంకుమ పెట్టింది.

"అందరు అడుగుతరు, కోడలు ఏదని. నువ్వు రావాలె" అని, గొంతు తగ్గించి, "పిల్లను మాత్రం తేకు బిడ్డా. మండపంల నలుగురు చూస్తరు. మా ఇంట్ల రోగమున్నదనుకుంటరు" అంది.

నాకు నవ్వొచ్చింది. ఆ క్షణంలో నేను ఏం అనుకున్నానో దాచుకోను. చెప్పొద్దు అనుకున్నాను. నోరు మూసుకుందాం. అలేఖ్యకు ఆ తప్పు ఉండొచ్చు, ప్రదీప్‌కూ ఉండొచ్చు. ఇద్దరికీ ఉంటే, రేపు తన కూతురి కడుపున పుట్టిన పిల్ల ముఖం మీద కూడా నువ్వులు చల్లినట్టు మచ్చలు లేస్తాయి. అప్పుడు మేడ మీదికి తీసుకుపోయి కూర్చోబెట్టుకోనీ. అప్పుడు ఎవరి అమ్మను తిడుతుందో చూద్దాం. ఆ ఆలోచన నాకు ఎంత తియ్యగా ఉందంటే, లేచి ఆమెకు టీ పెట్టడానికి కూడా సిద్ధపడ్డాను.

లోపలి గదిలోంచి కల్యాణి పకపకా నవ్వింది. అలేఖ్య దాని నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, దాని టోపీ నెత్తిన పెట్టుకుని బయటికి వచ్చింది.

"వదినా, కల్యాణిని తప్పకుంట తీసుకొని రావాలె. పగటి లగ్గం పెడ్తమన్నరు. నేనే పంచాయితీ పెట్టుకొని రాత్రికి మార్పించిన. అది అక్షింతలు వెయ్యకుంటే నేను పీటల మీద కూసోను" అంది.

చున్నీలో చుట్టి నా బిడ్డను కిందికి తెచ్చిన పిల్ల ఇది. నా పగ ఎవరి మీద పడబోతోందో అప్పుడు కనిపించింది. మా అత్త మీద కాదు. ఆమె మనవరాలి బాధను కూడా ఎవరో ఒకరి దోషమని చెప్పుకుని స్తోత్రం చదువుకోగలదు. కాలేది అలేఖ్య కడుపు.

"అలేఖ్యా, కూసో. ముందు నువ్వూ ప్రదీపూ రక్త పరీక్ష చేయించుకోవాలె" అన్నాను. మొత్తం చెప్పాను.

మా అత్త కుర్చీలోంచి లేచింది. "పెండ్లి చెడగొట్టనీకి కూసున్నవా? గా రోగం మీ అమ్మ తెచ్చింది. మా అన్నదమ్ముల రక్తంల అసొంటిది లేదు!"

"నీ కొడుకుకు ఫోన్ చెయ్యి అత్తా. అందరం వినేటట్టు పెట్టు."

అలేఖ్యే చేసింది. దుకాణంలో ఉన్నట్టున్నాడు, బేరాల గోల వినిపించింది.

"అన్నా, డాక్టర్ ఏం చెప్పింది? కల్యాణి రోగం ఎవరి దిక్కునుంచి వచ్చింది? నా మీద ఒట్టు, నిజం చెప్పు."

బేరాల గోల దూరమైంది, దుకాణం బయటికి నడిచినట్టున్నాడు. తర్వాత, "ఇద్దరి దిక్కునుంచి వచ్చింది. అమ్మ దిక్కు నుంచే నాకొచ్చింది" అన్నాడు. "అమ్మ పరేషాన్ అయితదని చెప్పలే."

మా అత్త కుంకుమ భరిణె మూత పెట్టబోయింది. మూత జారి కింద పడింది. నేను వంగి తీసివ్వలేదు.

అలేఖ్య ఆ వారమే ప్రదీప్‌ను తీసుకుని హైదరాబాద్ పోయింది. వాళ్లిద్దరివి చూస్తే చాలని డాక్టరమ్మ అంది. నేనే పట్టుబట్టి మా అత్త రక్తం కూడా ఇప్పించాను. వైద్యానికి దాని అవసరం లేదు, నాకు ఉంది. మూడింటిలోనూ అదే అక్షరం మారి ఉంది. పెళ్లి చేసుకుని కూడా గర్భంలో ఉండగానే పరీక్ష చేయించుకోవచ్చని డాక్టరమ్మ దారి చెప్పింది. అలేఖ్య ఆలోచించి, ఈ పెళ్లే వద్దంది. ప్రదీప్ కూడా ఒప్పుకున్నాడు. మూడు ఊళ్లలోని మా వాళ్లకు లగ్గం ఎందుకు ఆగిందో మా అత్త నోటితోనే చెప్పించాను. అట్లా అయితేనే కల్యాణిని అలేఖ్య దగ్గరికి పంపుతానన్నాను, అలేఖ్యే తల్లిని ఒప్పించింది. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, "మా అవ్వగారింటి నుంచే, నా నుంచే" అని చెప్పింది. పక్కన కూర్చుని విన్నాను. మా అమ్మ కోసం విన్నాను.

రథసప్తమికి ముందు రోజు మా అత్త ఒక్కతే రైలు దిగి మా ఇంటికి వచ్చింది. ఈసారి తెర దగ్గరికి పోలేదు. కల్యాణి ఆమెకు తన బొమ్మలు చూపించింది. ఒక బొమ్మలో పసుపుపచ్చటి పెద్ద సూర్యుడు ఉన్నాడు. ఆ కాగితాన్ని బోర్లించి ఒళ్లో పెట్టుకుంది. పిల్ల లోపలికి వెళ్లాక నా వైపు తిరిగింది.

"శైలజా, ఒక్కటి చెప్పు. గా రోజు నేను కూసోబెట్టిన ఎండకేనా… అవ్వ కన్ను పోయింది?"

ఇదే మాట నేను డాక్టరమ్మను కన్ను తీసిన రోజే అడిగాను. "ఏ ఒక్క రోజు ఎండ అని చెప్పలేమమ్మా. పుట్టినప్పటి నుంచి తగిలిన ప్రతి వెలుతురూ కూడింది. ఆ రోజు లేకపోయినా కన్ను పోయేదేమో, ఎవరికీ తెలియదు" అని ఆమె చెప్పింది. ఆ మాట నా నోటి చివర ఉంది. చెబితే ఈ ముసలిది ఈ రాత్రి నిద్రపోతుంది.

మా అత్త నా ముఖంలోకే చూస్తోంది. కళ్లలో నీళ్లు నిండాయి. "చెప్పు బిడ్డా" అంది.

నేను లేచి తెర అంచు సర్దాను. జవాబు చెప్పలేదు.