పెంటమ్మ అని రాయి

సుల్తానాబాద్ మెయిన్ రోడ్డు మీద కొత్త షటర్ ముంగట కొండల్ రంగు డబ్బా మూత తీసి, కుంచె ముంచి నిలబడ్డడు. బోర్డు రాసేటోనికి పేరు కావాలె గదా.

"ఏం రాయాల్నో చెప్పక్కా. రంగు ఎండుతున్నది."

పెంటమ్మ ఎదురు దుకాణం దిక్కు చూసింది.

ఎదురుంగున్న భానుప్రసాద్ టైలర్ దుకాణంల పరదా ఎనుక కూసోని ఏండ్ల సంది జాకెట్లు కుట్టింది ఈమెనే. కొలత తీసుడు, కత్తెర పట్టుడు, చంక కాడ ముడత రాకుంట కుట్టుడు, అంత ఈమెదే. మెడ పట్టీ మీద పేరు మాత్రం ఆయనది. పనిలకు పోయిన మొదటి దినమే ఆయన మొఖం చిట్లించిండు. "పెంటమ్మనా? గా పేరు ఇంటే గిరాకి బట్ట ముట్టుకుంటదా? ఈడ నువ్వు పద్మ."

సరే అన్నది. ఎదుటోడు తొక్కితే కొట్లాడొచ్చు. మనమే సరే అంటే ఎవనితోని కొట్లాడుతం?

ఇప్పుడు సొంత దుకాణం పెడుతుంటే ఆయన రోడ్డు దాటి వచ్చిండు. "పద్మ అని రాయించుకో, నేను పెట్టిన పేరే, వాడుకో పో. అసలు పేరు రాసినవా, ఆడోళ్లు ముక్కు మూస్కోని నా దుకాణానికే వస్తరు. మల్ల పరదా ఎనుక నీ మిషన్ నీకు ఉంటది తీ, ఫికర్ జెయ్యకు."

ఆయన పోంగనే పెంటమ్మ అన్నది: "పద్మనే రాయి తమ్మీ."

మెట్టు మీద కూసున్న పెంటమ్మ తల్లి చేతిల కొబ్బరికాయ పక్కకు పెట్టింది. "ఎవలే గా పద్మ?"

"నేనే అవ్వా. పెంట అంటే ఎవలొస్తరు? పుట్టంగనే నువ్వే పెంట మీద పారేస్తివి."

"పారేసిన్నా? నీ ముందు కన్న ముగ్గుర్ని మట్టిల పెట్టిన. నిన్ను చాటల ఏసి, పెంట మీద పెట్టి, ఇది ఎవలకు అక్కర రాని పిల్ల అని ఊరంత ఇనేటట్టు ఒర్రిన. సావు ఇన్నది. నమ్మింది. ఎనకకు మర్రింది. సావును మోసం చెయ్యనీకి నేనాడిన అబద్ధమే అది బిడ్డా. నువ్వెందుకు నమ్మినవే?"

పెంటమ్మ బోర్డు దిక్కు మర్రింది.

"కొండల్! పెంటమ్మ అని రాయి. ఎదురు దుకాణపాయనకు అద్దాలు లేకుంట కనబడాలె."

మొదటి గిరాకి మమతారాణి టీచర్. ఇంట్ల పెండ్లి ఉన్నది, పట్టు బట్ట తెచ్చింది.

"ఏం పద్మా, ఈ బోర్డేంది?"

"పద్మ లేదు మేడం. ఎప్పుడూ లేకుండె. నేను పెంటమ్మను."

"ఛీ, మనిషిని గట్ల ఎట్ల పిలుస్తరు?"

"నోరు తెరిచి పిలుస్తరు మేడం."

టీచర్ మూతి తిప్పుకోని రోడ్డు దాటింది. భానుప్రసాద్ గడప మీద చేతులు కట్టుకోని నవ్విండు. ఆమె ఎనుకనే ఇంకో నలుగురు అటే పోయిండ్రు. పెంటమ్మ తన పాత చీరెలు కోసి, జాకెట్లు కుట్టి, షటర్‌కు ఏలాడగట్టింది. బోర్డు దిక్కు అనుమానంగ చూడలేదంటే అబద్ధం. చూసింది. దించలే.

పెండ్లి రేపనంగ టీచర్ మల్లొచ్చింది. భానుప్రసాద్ కుట్టిన జాకెట్ ఏసుకుంటే చెయ్యి లేస్తలేదట. లేవదు మరి, పరదా ఎనుక ఇప్పుడు ఎవలున్నరని? రోడ్డు దాటుదామంటే కరీంనగర్ బస్సు అడ్డం ఆగింది. పొద్దు గూకుతున్నది, ఆమెకు ఆగే తీరిక లేదు. అవుతలి దిక్కు నుంచే గొంతు లేపింది.

"పెంటమ్మా! ఓ పెంటమ్మా!"

బజారంత మర్రి చూసింది. గడప మీది భానుప్రసాద్ గూడ చూసిండు.

పెంటమ్మ తల దించలే. టేపు మెడల ఏసుకోని, బస్సు హారన్ కంటె పెద్దగ పలికింది.

"ఆఁ! ఈడనే ఉన్న! రాండ్రి!"