జొన్నల ఊపిరి

బేస్తవారిపేట పక్క ఊళ్లో సుబ్బయ్య ఇంటి పాతర మీద బండ వేసి ఏడాది దాటింది. వాకిట్లో రెండు నిలువుల లోతు తవ్వి, జొన్నలు పోసి మూసిన గొయ్యి అది. గింజలు తోడటానికి అందులోకి దిగిన సుబ్బయ్య మళ్లీ తన కాళ్ల మీద పైకి రాలేదు. ఒంటి మీద దెబ్బ లేదు, పాము కాటు లేదు. నోరు తెరుచుకుని పడి ఉన్నాడు, అంతే.

పాతరలో దయ్యముందని మొదట అన్నది అతని తల్లి చెంచమ్మ. ఊరంతా నమ్మింది. అతని పెళ్లాం రోశమ్మ మాత్రం నమ్మలేదు. మొగుణ్ణి మింగింది తన నోరేనని ఆమె లెక్క. ఆ పొద్దు ఆమె పదిరోజుల బాలింత. పొయ్యి మీదికి గింజ లేదు. "పోతా పోతా అనేదే గానీ పోవు. పో, ఆ పాతర్లోనే పడి చావు!" అని మంచంలోంచి అరిచింది. అతను నవ్వి, తట్ట తీసుకుని వెళ్లాడు. అప్పటినుంచి బండ పక్కగా నడిస్తే చాలు, కింద ఎవరో బరువుగా ఊపిరి తీస్తున్నట్టుండేది ఆమెకు.

ఈ ఏడు వానల్లేవు. ఇంట్లో తిండిగింజలు నిండుకున్నాయి. వాళ్ల ముందుగదిలో అద్దెకుంటూ కంభంలో పిల్లలకు సైన్సు చెప్పే నాగభూషణరావు ఆదివారం పొద్దున బండ తీయించాడు. పులిసిన వెచ్చని వాసన గుప్పుమంది. తాడు కట్టి దించిన దీపం సగం లోతుకైనా పోకుండా, వేళ్లతో నలిపినట్టు ఆరిపోయింది.

"జూసినారా! నా బిడ్డను మింగింది దీపం గూడ ఉండనీదు," అంది చెంచమ్మ.

"ఉండు పెద్దమ్మా," అని ఆయన రెండు గిన్నెల్లో సున్నపు తేట పోశాడు. ఒకటి పాతరలోకి దించాడు. రెండోది రోశమ్మ చేతికిచ్చి, గుల్లగా ఉన్న ఆముదపాకు కాడతో అందులోకి ఊదమన్నాడు.

ఊదింది. తేట పాలలా తెల్లబడింది. కాసేపాగి పైకి లాగిన గిన్నెలోనూ అదే తెలుపు.

రోశమ్మ రెండు గిన్నెలనూ మార్చి మార్చి చూసింది. "అంటే లోపల ఎవురో ఊపిరి తీస్తాండారు గదా, అయ్యవారూ?"

"జొన్నలమ్మా. గింజంటే చచ్చిన వస్తువు కాదు. దాంట్లో కంటికానని కణాలు వేలకు వేలు. ఒక్కో కణం లోపలి చక్కెరను మంట లేకుండా కొంచెం కొంచెంగా కాల్చుకుంటుంది. ఆ సత్తువతోనే ప్రాణం నిలుపుకుంటుంది. మన ఒంట్లో జరిగేదీ అదే. అందుకు ప్రాణవాయువు తీసుకుని బొగ్గుపులుసు వాయువు వదులుతుంది. తేటను తెల్లబరిచేదీ, దీపాన్ని ఆర్పేదీ, మనిషికి ఊపిరాడకుండా చేసేదీ అదే. మూసిన గోతిలో అది నీళ్లలా అడుగున నిలిచిపోతుంది. పాతర తెరిస్తే ఒక పగలంతా వదిలెయ్యమని పెద్దలన్నది అందుకే."

"వారం ముందరే తెరిచింది గదా, మల్లా ఆగేదేంది అన్యాడు మా ఆయన." ఆమె గిన్నె కింద పెట్టింది. "అయితే నా మాట గాదా?"

"మాటకంత బలం లేదమ్మా."

ఏడుపు ముంచుకొచ్చింది. వస్తూ వస్తూ ఆగిపోయింది. "వారం దినాలకే అంత గాలి ఎట్ల నిండింది?"

"గింజ తడిసిందేమో. చెమ్మ తగిలితే మొలకెత్తబోయి ఎన్నో రెట్లు ఎక్కువగా ఊపిరి తీస్తుంది. నడుమ వాన పడిందా?"

పడింది. వానకు ముందే మూత చుట్టూ మట్టి మెత్తాలి. అప్పుడు రోశమ్మ పురిటిమంచంలో ఉంది. ఆమె మెల్లగా వెనక్కి తిరిగింది.

చెంచమ్మ గోడకు జారగిలబడి కూర్చుని ఉంది. "రేపు మెత్తుదాంలే అనుకొంటినే," అంది, వినబడీ వినబడనట్టు. "బిడ్డకు నీళ్లు పోసే పనిలో పడి... రేపనుకొంటి."

అత్త నోట దయ్యం ఎందుకు పుట్టిందో రోశమ్మకు తెలిసిపోయింది. ఏడాది పొడుగునా తానొక్కతే మోసిన బరువు గుర్తొచ్చింది. నోటి దాకా వచ్చిన మాటను పళ్ల మధ్యే ఆపింది.

"అయ్యవారూ, ఎండు గింజలు గూడా ఊపిరి తీస్తాయి గదా?"

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. "తీస్తాయమ్మా. ప్రాణమున్నంత కాలం తీస్తాయి."

"విన్యావా అత్తా? తడిసినా తడవకున్నా అంతేనంట."

లోపలికి వెళ్లి, నిద్రపోతున్న బిడ్డను తెచ్చి అత్త ఒళ్లో పడుకోబెట్టింది. చెంచమ్మ వంగి, ఆ పసిదాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. గాలి తగిలింది. కాసేపాగి మళ్లీ చూసింది.