టైరు మీద సుద్ద అంకె

పెద్దమ్మాయి సైకిలు చక్రం ముందు కూర్చుందంటే ఇంట్లో ఎవరూ పలకరించరు. పలకరించినా జవాబు రాదు. కొండదారుల్లో తొక్కే సైకిళ్లు బాగుచేసే బాబాయి షాపులో తొమ్మిదేళ్లుగా ఆమే మెకానిక్కు. చెల్లెలు ఆ సైకిళ్ల మీద పోటీలకెళుతుంది. జిల్లా జట్టులో ఒక్కటే ఖాళీ ఉంది. ఆదివారం పోటీలో గెలిస్తే అది చెల్లెలిదే. గెలిస్తే తన పనితనాన్ని కూడా నలుగురూ ఒప్పుకుంటారని అక్కకు కొండంత ఆశ. పైకి అనలేదు, అంతే.

శనివారం ఆమె పోటీ జరిగే దారంతా నడిచి చూసొచ్చింది. వాన పడి వేర్లూ రాళ్లూ జారుతున్నాయి. ఉన్న సన్నటి టైర్లు ఊడదీసి, ఎత్తు బొడిపెలున్న వెడల్పాటివి ఎక్కించింది. చెల్లెలి బరువు యాభై రెండు కిలోలు. అది లెక్క చూసుకుని ముందు టైరులో గాలి ఇరవై పాయింట్లు, వెనక దాంట్లో ఇరవై మూడు పెట్టింది.

చెల్లెలు బొటనవేలితో నొక్కి చూసి మొహం చిట్లించింది.

"ఇంత మెత్తగానా? అసలు కదుల్తుందా ఇది?"

"తడి రాయి మీద గట్టి టైరు ఎగిరిపడుతుందే. మెత్తగా ఉంటేనే రాయిని పట్టుకుంటుంది. నా మాట విను."

"సరేలే అక్కా."

ఆ షాపులో ఒక పద్ధతుంది. గాలి పెట్టాక ఆ అంకెను టైరు పక్కన సుద్దతో రాస్తారు. రాశాక ఆ చక్రాన్ని ఇంకెవరూ ముట్టుకోరు. ఆమె రెండు టైర్ల మీదా రాసి, చేతులు కడుక్కుంది.

ఆదివారం మూడో మలుపులో ముందు చక్రం జారిపోయింది. చెల్లెలి భుజం ఎముక విరిగింది. జట్టులో చోటు ఇంకో అమ్మాయికి పోయింది.

మర్నాడు షాపులో నాన్న ఆ సుద్ద అంకె మీద వేలు పెట్టాడు.

"ఇరవయ్యా? గాలి లేని టైర్ల మీద పంపించావా దాన్ని? చేతులారా చేశావు కదమ్మా."

బాబాయి తల దించుకున్నాడు. కట్టుతో కుర్చీలో కూర్చున్న చెల్లెలు నేల చూపులు చూసింది. నిజంగానే లెక్క తప్పానేమోనని అక్కకు అనుమానం వచ్చింది.

నాన్న చెల్లెల్ని తీసుకుని వెళ్లాక ఆమె గాలి కొలిచే మీటరు పెట్టి చూసింది. ముందు టైరులో ముప్పై ఆరు. వెనక ముప్పై ఎనిమిది.

"గాలి ఎవరు కొట్టారు బాబాయ్?"

"పోటీకి ముందు చిన్నదే కొట్టమంది. అక్కకి చెప్పొద్దంది."

"నాన్న అంతలా అంటుంటే నోరెందుకు మెదపలేదు?"

"ఎముక విరిగిన పిల్లని ఇంకేం అంటాం చెప్పు. నువ్వంటే తట్టుకుంటావు."

ఒళ్లు మండిపోయింది ఆమెకు. తిన్నగా ఇంటికెళ్లి చెల్లెలి మంచం దగ్గర నిలబడింది.

"నాకు చెప్పకుండా గాలి కొట్టించుకున్నావు, సరే. నన్ను దోషిని చేస్తుంటే ఎందుకు చెప్పలేదే?"

చెల్లెలు గోడవైపు తిరిగింది.

"తప్పు నాదని తెలిస్తే నన్ను మళ్లీ జట్టులోకి ఎవరు పిలుస్తారక్కా? నీకేం పోతుంది, నువ్వు ఎలాగూ షాపులోనే ఉంటావుగా."

ఏడుపు కూడా రాలేదు అక్కకు. నొప్పి మాత్రా నీళ్లూ చెల్లెలి చేతికి అందేలా పెట్టి, బయటికొచ్చి తలుపు దగ్గరికి వేసింది.

"ఇక దాని సైకిలు ముట్టుకోకు" అన్నాడు హాల్లోంచి నాన్న.

"ముట్టుకోను" అంది.