గోడంత తెర

రిపేరు విభాగానికి సాయంత్రం తాళం వేస్తానని మామగారు షాపు తెరుస్తూనే చిన్నకోడలితో చెప్పేశాడు.

"వెబ్‌సైట్ చూడమ్మాయ్. కొత్త మెషిన్ల పేజీకి జనం చీమల బారులా వస్తున్నారు. రిపేరు పేజీలో ఈగలు తోలుకోవాలి. ఆ బల్లలు తీయించి అక్కడా కొత్త సరుకే పెడతా."

రిపేర్లు చూసుకునే బావగారు స్క్రూడ్రైవర్ తుడుచుకున్నాడు. "ఖాళీగా ఉండలేను నాన్నా. ఇంట్లో ఫ్యాన్లు విప్పుతా. అమ్మ తిట్టేది మాత్రం నిన్నే."

వెబ్‌సైట్ లెక్కలు చూసేది చిన్నకోడలే.

"సాయంత్రం దాకా ఆగండి మావయ్యా. ఎంతమంది వచ్చారో చూశారు. ఎవరొచ్చారో చూడలేదు."

"వాళ్ల జాతకాలు కూడా తీస్తావా?"

"తీస్తాను."

వెబ్‌సైట్‌కు వచ్చిన ప్రతివాళ్లూ కొన్ని గుర్తులు వదిలి వెళ్తారు: ఏ ఊరు, ఏ పరికరం, ఎంత తెర, ఏం నొక్కారు. మేడ మీద గదిలో ల్యాప్‌టాప్ తెరిచి, ముందు ఊరు ప్రకారం విడదీసింది. ఏమీ తేలలేదు. తెర కొలత ప్రకారం విడదీయగానే ఆమె చెయ్యి ఆగిపోయింది.

కొత్త మెషిన్లు చూసినవాళ్లలో దాదాపు అందరిదీ ఒకటే కొలత. అంత తెర జేబులో పట్టదు, బల్ల మీదా పట్టదు. అందరూ కొత్తవాళ్లే. ఒక్కరూ ఏదీ నొక్కలేదు. పైగా షాపు మూసి ఉన్నప్పుడు ఒక్కరూ రాలేదు.

ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని మెట్లు దిగింది. షోరూమ్ గోడకు మామగారు ముచ్చటపడి పెట్టించిన టీవీ ఉంది. అందులో కొత్త మెషిన్ల పేజీ. చూస్తుండగానే తెర తెల్లబడి, అదే పేజీ మళ్లీ తెరుచుకుంది. ధరలు తాజాగా కనబడాలని ఆయనే అలా పెట్టించాడు. పాత గుర్తులు చెరిపేసుకుని తెరుచుకుంటుంది కాబట్టి, ప్రతిసారీ ఓ కొత్త మనిషి కింద లెక్క.

"మావయ్యా, మీ చీమల బారు ఇదే."

"వేళాకోళమా?"

"ప్లగ్గు పీకి చూడండి."

ఆయన పీకాడు. ల్యాప్‌టాప్‌లో కొత్త మెషిన్ల పేజీకి రాకలు చూపే గీత బావిలో బొక్కెనలా దిగిపోయింది. టీవీ రాకలన్నీ లెక్కలోంచి తీసేసి ఆమె మళ్లీ చూపించింది. ఇప్పుడు పైనున్నది రిపేరు పేజీ. వచ్చినవాళ్లంతా ఫోన్లలో చూసినవాళ్లే. నిదానంగా చదివి, చాలామంది కాల్ బటన్ నొక్కారు.

"నొక్కితే మోగేది ఎక్కడ?" అన్నాడాయన.

"నా దగ్గరే," అన్నాడు బావగారు. "చెబితే వినేవాళ్లేరీ?"

మామగారు తాళం జేబులో వేసుకుని టీవీ వైపు చూశాడు. "దీంట్లో రిపేరు పేజీ పెట్టమ్మాయ్."

"పెడతాను. దాని రాకలు మాత్రం లెక్కలోకి రానివ్వను."